మొదటిదా, రెండోదా?

మా బావ కళ్ళజోళ్ళ దుకాణంలో చూపు పరీక్ష చేస్తాడు. ఎదుట కూర్చున్న మనిషి ముక్కు మీద ఇనుప చట్రం పెట్టి, అందులో ఒక అద్దం వేసి, తీసి, ఇంకో అద్దం వేసి, "మొదటిదా, రెండోదా?" అని అడగడం ఆయన పని. దుకాణం తలుపు తీసింది మొదలు మూసేదాకా అదే ప్రశ్న. అక్కడ ఆ ప్రశ్న అడిగినందుకు జీతమిస్తారు. ఇంట్లో మేం ఊరికే భరిస్తున్నాం.

గోడకు రంగు వేయించాలన్నా, దిండు మార్చాలన్నా, టీలో చక్కెర తగ్గించాలన్నా, రెండు రకాలూ తెచ్చి ముందు పెట్టి మా మొహాల్లోకి చూస్తాడు. పెళ్ళికి ముందు మా అక్కను మొదటిసారి కలిసినప్పుడు జేబులోంచి దువ్వెన తీసి, పాపిడి ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి తీసి చూపించి అదే అడిగాడట. అక్క సిగ్గుపడి రెండోదే బాగుందంది. ఇప్పుడు పాపిడి తీసేంత జుట్టు లేదు గానీ, ఉన్న నాలుగు వెంట్రుకలూ అక్క మాట జవదాటకుండా కుడివైపే పడుకుంటాయి.

నేను బస్సుల ఆఫీసులో ఫిర్యాదుల కిటికీ వెనక కూర్చుంటాను. బస్సు ఆలస్యమైనా, సీటు చిరిగినా, డ్రైవరు మొహం చిట్లించినా జనం వచ్చి అరిచేది నా మీదే. వారమంతా తిట్లు తిన్నవాడికి ఆదివారం ఏం కావాలి? సోఫాలో కాళ్ళు చాపుకుని ఒక సినిమా చూడాలి. మొదటి నుంచి చివరిదాకా, మధ్యలో ఎవరూ ఏమీ అడగకుండా. అందుకే బావ హోమ్ థియేటర్ కొంటున్నాడని తెలిసినప్పుడు ఈ ఇంట్లో అందరికంటే ఎక్కువ సంబరపడ్డ వెధవను నేనే.

అమ్మా నేనూ పై వాటాలో ఉంటాం. అక్కా బావా కింద వాటా. నాన్న పోయాక అమ్మ మాటలు తగ్గించేసింది. పిలిస్తే ఒక్కోసారి పలికేది కాదు. అక్క మెట్ల కింద నుంచి గొంతు చించుకుని, చివరికి పైకొచ్చి, "ఏంటమ్మా నీ పట్టుదల, పలికితే ముత్యాలు రాలిపోతాయా?" అని విసుక్కునేది. అమ్మ నవ్వి ఊరుకునేది. మనిషి పెద్దదైన కొద్దీ మొండితనం ముదురుతోందని అక్కా నేనూ తేల్చేశాం.

మొదటి ఆదివారం మా అందరినీ సోఫాలో వరసగా కూర్చోబెట్టాడు బావ. ముందుగది కిటికీలకు మందపాటి తెరలు, ఎదురుగోడకు పెద్ద టీవీ, మూలమూలకూ ఒక స్పీకరు. డిస్కు పెట్టాడు. వానలో రైల్వే ప్లాట్‌ఫాం. బెంచీ మీద ఒకమ్మాయి ఒంటరిగా కూర్చుని ఉంది. రేకుల కప్పు మీద వాన. వాన తెరిపిచ్చింది. అంతా నిశ్శబ్దం. దూరంగా రైలు కూత. అమ్మాయి లేచి నిలబడింది. రైలొచ్చి ఆగింది, తలుపు తెరుచుకుంది. సరిగ్గా అప్పుడు బావ రిమోటు నొక్కి బొమ్మను ఆపేశాడు.

"గుయ్యిమంటోంది," అన్నాడు.

ఏదని అడిగాం. వాన ఆగాక, కూత రాకముందు, ఆ నిశ్శబ్దంలో స్పీకర్ల లోపల ఏదో గుయ్యిమంటోందట. పైగా చీకటి ఆకాశంలో సన్నటి గీతలు కింద నుంచి పైకి పాకుతున్నాయట. మళ్ళీ మొదటి నుంచి పెట్టాడు. చెవి రిక్కించి వింటే నిజమే, చాలా సన్నగా ఉంది. దోమను మన్నించగలిగితే దాన్నీ మన్నించొచ్చు. ఆ మాటే అన్నాను. చిన్న గీత ఉన్న కళ్ళజోడును కస్టమర్ ముక్కు మీద పెట్టి పంపిస్తామా అని బావ నన్నే నిలదీశాడు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో సినిమా పోయి కరెంటు వచ్చింది. లోపమంతా కరెంటుదేనని బావ సిద్ధాంతం. గోడలోంచి వచ్చే కరెంటు మురికిదట. టీవీ పెట్టెకూ ప్లేయరుకూ కంపెనీవాళ్ళు ఇచ్చే చిన్న నల్ల అడాప్టర్లు ఆ మురికికి తమ మురికీ కలిపి లోపలికి పంపిస్తాయట. వాటిని పీకి పారేసి, లోపల పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఉండే బరువైన పవర్ సప్లై పెట్టెలు తగిలించాలి. అప్పుడు బొమ్మా శబ్దమూ కడిగిన అద్దంలా ఉంటాయట.

న్యాయంగా చెప్పాలంటే మొదటి పెట్టె తెచ్చి తగిలించగానే గీతలు పోయాయి. గుయ్యి కూడా పోయిందనే నేననుకున్నాను. సంతోషంగా కాళ్ళు చాపాను. కానీ బావకు తన చెవి మీద తనకు నమ్మకం లేదు. కొన్నవాడికి తన వస్తువు బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది కాబట్టి తీర్పు మేం చెప్పాలన్నాడు. టీవీ బల్ల వెనక నక్కి, పాతది ఒకసారి, కొత్తది ఒకసారి తగిలించి, ప్రతిసారీ మా ముందుకొచ్చి నిలబడి అడిగేవాడు. "మొదటిదా, రెండోదా?"

ఇంకేముంది, రెండోదే అనేవాళ్ళం. రెండోదంటే తొందరగా వదిలిపెడతాడని ఆశ. అక్క పొయ్యి మీద గిన్నె పెట్టి వచ్చేది కాబట్టి ఆయన అడగకముందే రెండోదని చెప్పేసి వెళ్ళిపోయేది. నేను కాస్త కళాపోషణ చేసేవాణ్ణి. రెండోదానిలో వాన చినుకు చినుకూ విడిగా తెలుస్తోందనీ, రేకుల కింద నిలబడి తడుస్తున్నట్టుందనీ వర్ణించేవాణ్ణి. రేకుల కింద నిలబడితే తడవరన్న సంగతి నాకప్పుడు తట్టలేదు.

మేం మర్చిపోయిందేమిటంటే, ఈయన ఇలాంటి వాళ్ళను దుకాణంలో రోజూ చూస్తాడు. కుర్చీలోంచి లేచిపోదామనే తొందరలో రెండోదే బాగుందనే కస్టమర్లను పట్టుకోవడానికి, అద్దం మార్చినట్టు నటించి అదే అద్దాన్ని మళ్ళీ వేయడం వాళ్ళ పనిలో పాత చిట్కా. ఒక ఆదివారం మా మీద అదే ప్రయోగించాడు. బల్ల వెనక్కి వెళ్ళి, ప్లగ్గు టక్కున శబ్దం చేసి, ఏమీ మార్చకుండా బయటికొచ్చాడు. అక్క రెండోదంది. నేనైతే ఈసారి అమ్మాయి ఊపిరి కూడా వినపడుతోందన్నాను. బావ నా వైపు జాలిగా చూసి, తను అసలేమీ మార్చలేదని చెప్పాడు. ఫిర్యాదుల కిటికీ దగ్గర కూడా నేనెప్పుడూ అంత తలదించుకోలేదు.

ఆ సంగతి బయటపెట్టకముందే సోఫా మధ్యలో కూర్చున్న అమ్మనూ అడిగాడు. అమ్మ ఆయన మొహంలోకి నిదానంగా చూసి, "రెండూ ఒకటే బాబూ," అంది.

బావ కళ్ళు చెమర్చాయి. ఈ ఇంట్లో నిజం మాట్లాడే మనిషి ఒక్కరైనా దొరికారన్నాడు. అంతకుముందు బొమ్మ మూలలో మినుకుమినుకుమంటున్న చిన్న మచ్చను కూడా అమ్మే కనిపెట్టింది కాబట్టి ఆయన నమ్మకానికి ఆధారం లేకపోలేదు. ఆ రోజు నుంచి అమ్మే జడ్జి. అక్కనూ నన్నూ బోనులోంచి దింపేశాడు గానీ గదిలోంచి పోనివ్వలేదు. సోఫాలో మనుషుల బరువు మారితే శబ్దం మారుతుందట.

చిక్కల్లా ఎక్కడొచ్చిందంటే, ఆ తర్వాత ఆయన ఏం తగిలించినా శబ్దం సంగతి వచ్చేసరికి అమ్మ తీర్పు ఒకటే. రెండూ ఒకటే బాబూ. అంటే ఇంకా తేడా రాలేదన్నమాట. తేడా రాలేదంటే కరెంటు ఇంకా శుభ్రపడలేదన్నమాట. ఆంప్లిఫైయరుకు విడిగా ఒక పెట్టె వచ్చింది. దాన్ని ఎత్తబోయి నా నడుం పట్టేసింది. పెట్టె కింద అదురు తగలకుండా రాతిపలక వచ్చింది. మీటరు దగ్గర నుంచి ముందుగదికి ప్రత్యేకంగా ఒక లైను లాగించాడు. దాని కోసం గోడ చెక్కిస్తే అక్క వారం రోజులు గిన్నెల మీద దుమ్ము తుడుస్తూ, తనను చేసుకునే ముందు ఈయన పక్కన ఇంకొకణ్ణి నిలబెట్టి మొదటివాడా, రెండోవాడా అని ఎవరూ అడగలేదేమని బాధపడింది.

తర్వాత ఎర్తింగ్ అన్నాడు. పెరట్లో మనిషి లోతు గొయ్యి తవ్వించి, రాగి కడ్డీ పాతి, బొగ్గూ ఉప్పూ పోయించాడు. పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసి ఏం మొక్క వేస్తున్నారని అడిగింది. స్పీకర్ల కోసమని చెప్పాడు. పాపం ఆవిడ చాలా రోజులు మొలక కోసం చూసింది.

పరీక్ష జరుగుతున్నంతసేపూ ఫ్యాను ఆపాలి. ఫ్రిజ్ ఆపాలి. తినేటప్పుడు కరకరమనే వస్తువేదీ గదిలోకి రాకూడదు. తుమ్ము వస్తే పెరట్లోకి వెళ్ళి తుమ్మి రావాలి. చెమటలు కక్కుతూ అదే వాన, అదే కూత, అదే అమ్మాయి. రైలు తలుపు తెరుచుకోగానే బొమ్మ ఆగిపోయేది. అవతల ఏం జరుగుతుందో మాలో ఎవరికీ తెలియదు, బావతో సహా. మొత్తం శుభ్రపడ్డాకే సినిమా చూడాలని ఒట్టు పెట్టుకున్నాడు. డిస్కు ఎవరికీ ఇచ్చేవాడు కాదు, దాని మీద గీత పడితే పరీక్ష చెడిపోతుందని.

ఆ అమ్మాయి ఇంట్లోంచి పారిపోతోందని అక్క వాదన. పెట్టె లేకుండా పారిపోయేవాళ్ళుంటారా అని నా వాదన. వంటింట్లో, మెట్ల మీద, చివరికి మా మేనత్త చనిపోతే పలకరించడానికి వెళ్ళిన బస్సులో కూడా ఈ విషయం మీద దెబ్బలాడుకున్నాం. అమ్మ మాత్రం ఏమీ అనేది కాదు. కానీ అందరికంటే ఆ కథ తెలుసుకోవాలని ఆరాటపడింది అమ్మే. ఒకరోజు మేడ మీద బట్టలు ఆరేస్తూ, ఆ పిల్ల ఏం చేస్తుందంటావ్ అని నన్నడిగింది. ఎవర్నైనా అడిగి చెబుతానన్నాను. వద్దంది. తన కళ్ళతో చూడాలట. అల్లుడుగారు ఎప్పటికైనా చూపిస్తారులే అంది.

ప్రతి ఆదివారం మధ్యాహ్నం అమ్మ మంచి చీర కట్టుకుని, తల దువ్వుకుని, బావ పిలవకముందే మెట్లు దిగేది. ఈ చెమట గదిలోకి ఇంత ముస్తాబెందుకని నేను గొణుక్కునేవాణ్ణి.

ఆఖరి పెట్టె వచ్చిన ఆదివారం బాగా ఎండగా ఉంది. బావ తనే వైర్లు బిగించాడు. ఆత్రంలో ఎర్తు వైరు సరిగా బిగించలేదని తర్వాత తెలిసింది. డిస్కు పెట్టి స్విచ్చి వేశాడు. టీవీలో వాన ఎప్పటిలాగే పడుతోంది. స్పీకర్ల లోంచి మాత్రం భూమి బద్దలైనట్టు ఒక మోత మొదలైంది. కిటికీ అద్దాలు గజగజలాడాయి. నేను చెవులు మూసుకుని సోఫా వెనక్కి దూకాను. అక్క గరిటెతో సహా వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. పక్కింటావిడ గేటు దగ్గర నిలబడి ఏదో అరుస్తోంది, మొక్క గురించే అయ్యుంటుంది. బావ బల్ల వెనక నుంచి తల బయటపెట్టి బిత్తరచూపులు చూస్తున్నాడు.

అమ్మ సోఫా మధ్యలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. ప్లాట్‌ఫాం మీది అమ్మాయిని చూస్తోంది. బావ తనవైపు తిరగడం గమనించి, ఆయన అడిగేశాడనుకుంది కాబోలు, ఎప్పటి చిరునవ్వే నవ్వి, "రెండూ ఒకటే బాబూ," అంది.

బావ చెయ్యి చాచి స్విచ్చి కట్టేశాడు. గది ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. లేచి సోఫా చుట్టూ తిరిగి అమ్మ వెనక్కి వచ్చి నిలబడ్డాడు. మామూలు గొంతుతో, "అత్తయ్యగారూ," అన్నాడు. అమ్మ తిరగలేదు. ఇంకొంచెం గట్టిగా పిలిచాడు. అమ్మ నల్లగా అయిపోయిన టీవీని చూస్తూ, అది మళ్ళీ ఎప్పుడు వెలుగుతుందా అని ఎదురుచూస్తోంది. అక్క చేతిలోని గరిటె లోంచి నేల మీద చుక్కలు పడుతున్నాయి.

బావ ముందుకొచ్చి అమ్మ ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. "ఎన్నాళ్ళయింది అత్తయ్యగారూ?" అని మెల్లగా అడిగాడు.

అమ్మ ఆయన పెదాల వైపు చూసింది. మా వైపు చూసింది. దొరికిపోయానని అర్థమైంది ఆమెకు.

"చాన్నాళ్ళే అయింది బాబూ. ముందు వాన పోయింది. తర్వాత ఆ కూత పోయింది. మొన్నమొన్నటిదాకా చెవుల్లో ఏదో గుయ్యిమనేది, అదీ పోయింది."

ఎందుకు చెప్పలేదని అక్క ఏడుపు గొంతుతో అరిచింది. ఈసారి ఎదురుగా నిలబడి అరిచింది కాబట్టి అమ్మకు తెలిసింది.

"చెబితే ఆదివారం నన్నెందుకు పిలుస్తారే?" అంది అమ్మ. "మీ నాన్న పోయాక ఇదా అదా అని నన్నడిగేది అల్లుడుగారొక్కరే. ఏది వండమంటావ్ అని కూడా మీరెవరూ అడగరు. చెవుల్లేనిదాన్ని ఆయన మాత్రం ఏం అడుగుతారు?"

బావ నేల మీదే కూర్చుని రాతిపలకలనూ, ఇనుప పెట్టెలనూ, గోడ పొడుగునా పోయిన కొత్త లైనునూ వరసగా చూశాడు. మొదటి పెట్టెతోనే గుయ్యి పోయిందన్నమాట. ఆ తర్వాత తెచ్చినవన్నీ, తవ్విన గొయ్యితో సహా, అమ్మకు వినపడకపోవడం వల్ల వచ్చినవి. కుర్చీలో కూర్చున్న ప్రతివాడికీ ఒకే అద్దం రెండుసార్లు వేసి చూసే మనిషి, అమ్మను మాత్రం ఆ రోజు తర్వాత ఒక్కసారీ పరీక్షించలేదు. ఆమె నిజమే చెబుతుందని అంత నమ్మకం. ఆమె చెప్పిందీ నిజమేగా మరి, ఆమె చెవులకు రెండూ ఒకటే.

నేను నవ్వు ఆపుకోలేకపోయాను. కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే నవ్వాను. ముందు అక్క నన్ను గరిటెతో కొట్టబోయింది, తర్వాత తనూ నవ్వింది.

చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడం, చెవి వెనక పెట్టుకునే మిషను కొనడం, దాని బటన్ బ్యాటరీ శుభ్రమైన కరెంటు ఇస్తుందా అని బావ డాక్టరును తినేయడం, అదంతా ఆ తర్వాతి మాట. ఆ మధ్యాహ్నం మాత్రం బావ లేచి, చేతికి దొరికిన పాత నల్ల అడాప్టర్ ఏదో ప్లేయరుకు తగిలించాడు. ఆఖరి పెట్టెను కాలితో పక్కకు నెట్టాడు. దాని బరువుకు వేలు నొప్పెట్టి కుంటుకుంటూ వెళ్ళి ఫ్యాను వేశాడు. ఆ ఇంట్లో ఫ్యాను గాలికి నేనంత కృతజ్ఞత ఎప్పుడూ చూపలేదు. వచ్చి అమ్మ పక్కన సోఫాలో ఆమె వైపు తిరిగి కూర్చుని డిస్కు మొదటి నుంచి పెట్టాడు.

"వాన పడుతోంది అత్తయ్యగారూ," అని అమ్మ మొహంలోకి చూస్తూ అరిచాడు. "రేకుల మీద, టపటపమని."

అమ్మ తలూపింది. వాన తెరిపిచ్చిందని అరిచాడు. ఇప్పుడేం వినపడడం లేదు, మాక్కూడా వినపడడం లేదు అని అరిచాడు. కూత వచ్చినప్పుడు ఆయనే కూత పెట్టాడు. అసలు కూత ఎలా ఉంటుందో ఆ ఒక్కసారే మాకు తెలియకుండా పోయింది. రైలొచ్చింది, తలుపు తెరుచుకుంది. అలవాటుగా బావ వేలు రిమోటు మీదికి పోయింది. అమ్మ ఆ చెయ్యి పట్టుకుంది.

బొమ్మ ఆగలేదు. రైల్లోంచి ఒక ముసలాయన, చేతిసంచీ పట్టుకుని, మెట్టు మెట్టు చూసుకుంటూ దిగాడు. మళ్ళీ చినుకులు పడుతుంటే ఆ అమ్మాయి బెంచీకి ఆనించిన గొడుగొకటి తీసి ఆయన చేతికిచ్చి, ఇంకొకటి తను విప్పుకుంది. ఇన్నాళ్ళూ ఆమె ఎక్కుతుందా ఎక్కదా అని మేం కొట్టుకు చచ్చాం. ఆమె ఎక్కడానికి వచ్చిందే కాదు, నాన్నను దింపుకుని ఇంటికి తీసుకెళ్ళడానికి వచ్చింది.

"రెండు గొడుగులు పెట్టుకు కూర్చుందిగా," అంది అమ్మ. "ఎవరికోసమో వచ్చిందని నేనెప్పుడో అనుకున్నా." అక్కా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. చెవులున్నవాళ్ళం ఇద్దరం, అన్ని ఆదివారాలు అదే బొమ్మ చూసి, గొడుగులు లెక్కపెట్టలేకపోయాం.

సినిమా చివరిదాకా బావ అరుస్తూనే ఉన్నాడు. నాన్న మాట లావు గొంతుతో, కూతురి మాట సన్న గొంతుతో. ఫ్రిజ్ దడదడమంది. అక్క ఏదో కరకరలాడేది పళ్ళెంలో తెచ్చి అందరి మధ్యా పెట్టింది. నేను స్వేచ్ఛగా తుమ్మాను. గది నిండా అంత రొద ఉండగా, ఇన్నాళ్ళ తర్వాత చివరిదాకా చూసిన ఆ ఒక్క సినిమాలో ఒక్క మాటైనా తిన్నగా నా చెవిన పడలేదు. ఫిర్యాదు ఇద్దామంటే కిటికీలో కూర్చునేవాణ్ణి నేనే.

సినిమా అయిపోయింది. బావ గొంతు పూర్తిగా పోయింది. చెమట తుడుచుకోవడానికి జేబురుమాలు తీసి, తుడుచుకోకుండా చేతిలోనే నలుపుతూ, అమ్మ వైపు తిరిగి, ముందు ఆ ఇనుప పెట్టెలనూ తర్వాత తన గొంతునూ చూపించి ఏదో అడిగాడు. పెదాలు కదిలాయి గానీ శబ్దం రాలేదు. ఆ ప్రశ్న అక్కకు వినపడలేదు, నాకూ వినపడలేదు.

అమ్మకు మాత్రం తెలిసింది. ఆయన పెదాల వైపు చూసి, కాస్త ఆలోచించి చెప్పింది.

"రెండోదే బాబూ."